పేరోల్ రిఫండ్ ఇప్పుడొచ్చింది, లెక్క మాత్రం 2021ది

(మన వేదిక నెలవారీ సమావేశంలో మాట్లాడిన విషయం. ఆ రోజు రాలేకపోయిన మిత్రులు కొందరు అడిగితే రాసి ఇస్తున్నాను.)



ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను సి.పి.ఏ.ని కాను, లాయర్ని అంతకంటే కాను. మీలో చాలామందిలాగే సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మరి పన్నుల గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత ఏమిటంటే, ఈ విషయంలో మా ఇంట్లో ఒకసారి చేయి కాలింది. కాలిన చేయి చూపిస్తే మిగతావాళ్ళు జాగ్రత్త పడతారని నా ఆశ. ఇక్కడ విన్నదాన్ని మీ సి.పి.ఏ. దగ్గరకు తీసుకెళ్ళి ప్రశ్నలు అడగండి. నా మాట మీద మాత్రం సంతకాలు పెట్టకండి.

మా బావగారు న్యూజెర్సీలో ఒక చిన్న టిఫిన్ హోటల్ నడుపుతారు. ఇడ్లీ, దోసె, ఆదివారం పూట పెసరట్టు ఉప్మా. అందులో 80 శాతం వాటా ఆయనది, 20 శాతం నాది. వారమంతా ఆఫీసు కోడు రాసుకుని, శనివారం హోటల్ లెక్కలు చూడటం నా వంతు. 2020 మార్చిలో న్యూజెర్సీలో రెస్టారెంట్లలో కూర్చుని తినడం ఆపేశారు. మళ్ళీ లోపల కూర్చోనిచ్చింది సెప్టెంబరులో, అదీ 25 శాతం కుర్చీలతో. ఆ రోజుల్లో వంటమాస్టర్ని, గిన్నెలు కడిగే కుర్రాళ్ళని పంపేయకుండా బావ ఎలా నెట్టుకొచ్చారో నాకు తెలుసు. అక్క నగలకి కూడా ఆ సంగతి తెలుసు.

అలాంటి వాళ్ళ కోసమే ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. ఇంగ్లీషులో ఎంప్లాయీ రిటెన్షన్ క్రెడిట్, పొట్టిగా ఇ.ఆర్.సి. కష్టకాలంలో పనివాళ్ళని తీసేయకుండా జీతం ఇచ్చిన యజమానికి, ఆ జీతంలో కొంత భాగం ప్రభుత్వం పేరోల్ పన్నుల్లోంచి వెనక్కి ఇచ్చేది. కట్టిన పన్ను కంటే క్రెడిట్ ఎక్కువైతే మిగిలింది రిఫండ్‌గా వచ్చేది. అప్పు కాదు, తిరిగి కట్టనక్కర్లేదు. వినడానికి ఎంతో బాగుంది. నిజంగా మంచి పథకమే. చిక్కంతా తర్వాత వచ్చింది.

పథకం ఏమిటి, ఎందుకింత ఆలస్యం

2020 మార్చి 27న సంతకమైన కేర్స్ చట్టంతో ఇది మొదలైంది. 2020కి ఒక్కో ఉద్యోగికి ఏడాది మొత్తం మీద 10,000 డాలర్ల జీతం దాకా లెక్కలోకి తీసుకుని, అందులో 50 శాతం, అంటే గరిష్ఠంగా 5,000 ఇచ్చారు. 2021కి వచ్చేసరికి ఉదారంగా మార్చారు. ప్రతి క్వార్టర్‌కీ 10,000 దాకా, అందులో 70 శాతం, అంటే క్వార్టర్‌కి 7,000. నాలుగో క్వార్టర్‌ని మాత్రం 2021 నవంబరులో వచ్చిన ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చట్టం, కొత్తగా మొదలైన కొన్ని వ్యాపారాలకు తప్ప, కొట్టేసింది. కాబట్టి మామూలు వ్యాపారానికి మిగిలింది మూడు క్వార్టర్లు, మనిషికి 21,000.

అర్హత రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, ప్రభుత్వ ఉత్తర్వు వల్ల వ్యాపారం పూర్తిగానో కొంతో ఆగిపోయి ఉండాలి. రెండు, అమ్మకాలు పడిపోయి ఉండాలి. 2020లో అయితే 2019 అదే క్వార్టర్‌తో పోలిస్తే సగం కంటే తక్కువకి పడాలి. 2021లో 80 శాతం కంటే తక్కువైతే చాలు. 2021లో ఇంకో వెసులుబాటు కూడా ఉంది. ఈ క్వార్టర్ బదులు దీని ముందు క్వార్టర్ అమ్మకాలు చూపించుకోవచ్చు.

అప్పట్లో అడగని వాళ్ళు తర్వాత 941-ఎక్స్ అనే సవరణ ఫారం వేసి అడిగే వీలుండేది. సరిగ్గా ఆ సందులోంచే ప్రమోటర్లు దూరారు. రేడియోలో, ఫోన్లో, ఈమెయిల్లో ఒకటే ప్రచారం. "మీరు అర్హులే, మాకు 20 శాతం ఇస్తే చాలు." 2023 వచ్చేసరికి ఐ.ఆర్.ఎస్. దగ్గర దరఖాస్తులు గుట్టలు పడ్డాయి. అందులో దొంగవి ఎన్నో, మంచివి ఎన్నో తేలలేదు. 2023 సెప్టెంబరు 14న కొత్త దరఖాస్తులు చూడటం ఆపేశారు. అప్పటికే ఉన్నవాటికి 90 రోజుల గడువును 180 రోజులు చేశారు, ఆచరణలో అది కూడా నిలబడలేదు. 2024 జూన్‌లో ఐ.ఆర్.ఎస్. చెప్పిన లెక్క ప్రకారం 10 నుంచి 20 శాతం దరఖాస్తులు చాలా ప్రమాదకరమైనవి, 60 నుంచి 70 శాతం అనుమానించదగ్గవి, ఇబ్బంది లేనివి 10 నుంచి 20 శాతం మాత్రమే. ఆ చివరి గుంపులో ఉన్న నిజాయితీపరులు కూడా మిగతావాళ్ళతో కలిసి అదే లైన్లో నిలబడ్డారు. కొందరు 2025 దాకా నిలబడ్డారు.

మా ఇంటి కథ

2023 వేసవిలో బావ దగ్గరకు ఒక కంపెనీ మనిషి వచ్చాడు. పేరు చెప్పను, అవసరం లేదు. సూటు వేసుకుని, చక్కగా "నమస్కారమండీ" అంటూ మాట్లాడాడు. మూడు క్వార్టర్లకి 1,68,000 డాలర్లు వస్తాయన్నాడు, ఫీజు 20 శాతం. బావ సంతకం పెట్టారు. నాకు తర్వాత చెప్పారు. నేను కాగితాలు అడిగితే, "ఒరేయ్, ప్రతిదీ నీ ప్రోగ్రాములాగా బగ్గులు వెతక్కు" అన్నారు.

మూడు నెలలు ఊరుకున్నాను. ఐ.ఆర్.ఎస్. దరఖాస్తులు ఆపేసిందని వార్త వచ్చాక ఆ కాగితాలు తెప్పించి కూర్చుంటే బగ్గులు కనిపించాయి.

మొదటిది కుటుంబం జీతాలు. హోటల్లో అక్క జీతం తీసుకుంటుంది, బావ తమ్ముడూ తీసుకుంటాడు. ఇద్దరినీ లెక్కలో వేశారు. 2021 ఆగస్టులో ఐ.ఆర్.ఎస్. ఇచ్చిన నోటీసు చాలా స్పష్టంగా ఉంది. సగానికి మించి వాటా ఉన్న యజమాని పిల్లలు, తోబుట్టువులు, తల్లిదండ్రులు, బావలు, మరుదులు, వదినలు, కోడళ్ళు, అల్లుళ్ళు, వీళ్ళ జీతాలు లెక్కలోకి రావు. యజమాని జీతం, ఆయన భార్య జీతం కూడా, తోబుట్టువులూ పిల్లలూ ఉన్న మనలాంటి కుటుంబాల్లో దాదాపుగా రావు. మన వ్యాపారాల్లో చుట్టాలు లేని పేరోల్ ఎక్కడుంది చెప్పండి? కాబట్టి ఈ తప్పు మనవాళ్ళ దరఖాస్తుల్లో ఉండే అవకాశం ఎక్కువ.

రెండోది మూడో క్వార్టర్. 2021 మొదటి క్వార్టర్లో మా అమ్మకాలు 2019తో పోలిస్తే 65 శాతమే. అర్హత ఉంది. రెండో క్వార్టర్లో 85 శాతానికి వచ్చాం, అయినా ముందు క్వార్టర్ని చూపించుకునే వెసులుబాటుతో అర్హత వస్తుంది. మూడో క్వార్టర్లో 88 శాతం. దాని ముందు క్వార్టర్ 85. ఎటు చూసినా అర్హత లేదు. అప్పటికి న్యూజెర్సీలో డైనింగ్ మీద పరిమితులు కూడా తీసేశారు. మరి దరఖాస్తులో ఏం రాశారంటే, సరుకుల సరఫరా ఆలస్యమైందట! మినప్పప్పు రెండు వారాలు లేటుగా వచ్చినందుకు ప్రభుత్వం జీతాలు తిరిగి ఇస్తుందా? ఇలాంటి సరఫరా సాకులు సాధారణంగా చెల్లవని ఐ.ఆర్.ఎస్. లాయర్లు 2023 జులైలోనే మెమో రాశారు.

ఈ రెండూ తీసేస్తే 1,68,000 కాస్తా 84,000 అయింది. సగానికి సగం.

ఆ రాత్రి బావ నాతో మాట్లాడలేదు. అప్పటికే ఆయన ఆ డబ్బు నమ్ముకుని రెండో హోటల్‌కి లీజు డిపాజిట్ కట్టేశారు. ఆ సంగతీ నాకు ఆ రోజే తెలిసింది. "చేతికొచ్చే డబ్బు నువ్వే పోగొడుతున్నావు" అన్నారు. అక్క మధ్యలో నలిగిపోయింది. నేను ఒకటే అన్నాను. "బావా, కాగితం మీద సంతకం వాడిది లేదు, మీదే ఉంది. రేపు ఐ.ఆర్.ఎస్. వాడు వచ్చేది మన ఇంటికి." ఆ కాగితాలు తయారు చేసిన మనిషి తన పేరు ఎక్కడా పెట్టలేదు. అదొక్కటే చాలు, మనం మొదటి రోజే లేచి వచ్చేయడానికి.

2023 అక్టోబరులో ఐ.ఆర్.ఎస్. దరఖాస్తు ఉపసంహరించుకునే పద్ధతి ఒకటి పెట్టింది. డబ్బు ఇంకా రాకపోయినా, వచ్చిన చెక్కు మార్చుకోకపోయినా, ఆ క్వార్టర్ మొత్తాన్ని వెనక్కి తీసుకుంటే అసలు వేయనట్టే లెక్క. పెనాల్టీ లేదు, వడ్డీ లేదు. మూడో క్వార్టర్‌కి అలా చేశాం. మొదటి రెండిటికీ వేరే సి.పి.ఏ.ని పెట్టుకుని, కుటుంబం జీతాలు తీసేసి సవరించి వేశాం. దాంతో ఇంకా ఆలస్యమైంది. లీజు డిపాజిట్ పోయింది. ఆ చెక్కులు 2025లో వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయం: పన్ను

చెక్కులు చూడగానే బావ మొహం వెలిగింది. వడ్డీతో కలిపి సుమారు 94,000. "ఇది క్రెడిట్ కదా, దీని మీద పన్ను ఉండదు" అన్నారు. నూటికి తొంభైమంది అలాగే అనుకుంటారు. సగం నిజం. క్రెడిట్ దానంతట అది ఆదాయం కాదు. అయితే ఎంత క్రెడిట్ వచ్చిందో, ఆదాయపు పన్ను రిటర్నులో జీతాల ఖర్చు అంత తగ్గించి చూపాలి. న్యాయమే కదా. 2021లో మేం 84,000 జీతం ఇచ్చామని ఖర్చు రాసుకుని పన్ను తగ్గించుకున్నాం. ఇప్పుడు ఆ 84,000 ప్రభుత్వం వెనక్కి ఇచ్చింది. మన జేబులోంచి పోని డబ్బుని ఖర్చు అనలేం.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ ఖర్చు తగ్గించాల్సింది డబ్బు వచ్చిన ఏడాదిలో కాదు, జీతం ఇచ్చిన ఏడాదిలో, అంటే 2021లో. 2021 నాటి నోటీసు ప్రకారం దరఖాస్తు వేసిన వెంటనే పాత రిటర్ను సవరించి, అదనపు పన్ను ముందే కట్టాలి. రిఫండ్ ఎప్పుడొస్తుందో తెలియదు, వస్తుందో రాదో తెలియదు, పన్ను మాత్రం ఇప్పుడే! చేతిలో డబ్బులేని చిన్న వ్యాపారి ఎలా కడతాడు? చాలామంది సి.పి.ఏ.లు "డబ్బు వచ్చాక చూద్దాంలే" అన్నారు. మేమూ అదే చేశాం. ఈలోగా 2021 రిటర్ను సవరించే మామూలు మూడేళ్ళ గడువు దాటిపోయింది.

దీనికి 2025 మార్చి 20న ఐ.ఆర్.ఎస్. ప్రశ్నోత్తరాల రూపంలో ఒక దారి చూపింది. మీరు ఏ గుంపులో ఉన్నారో చూసుకోండి.

ఒకటి. డబ్బు వచ్చింది, పాత రిటర్నులో జీతాల ఖర్చు తగ్గించలేదు. పాత రిటర్ను తిరగదోడనక్కర్లేదు. ఎక్కువగా రాసుకున్న ఆ ఖర్చుని, డబ్బు వచ్చిన ఏడాది రిటర్నులో ఆదాయంగా చూపిస్తే సరిపోతుంది. మేం ఇదే చేశాం. 2021లో మీకు నష్టం వచ్చి, ఆ ఖర్చు వల్ల పన్నేమీ తగ్గకపోతే, ఆ సంగతి సి.పి.ఏ.కి ప్రత్యేకంగా చెప్పండి.

రెండు. ఖర్చు అప్పుడే తగ్గించి, రిటర్ను సవరించి పన్ను కట్టేశారు, డబ్బు ఇప్పుడొచ్చింది. మీరు మళ్ళీ ఆ క్రెడిట్‌ని ఆదాయంగా చూపనక్కర్లేదు. సి.పి.ఏ. మారిన వాళ్ళు ఇక్కడ జాగ్రత్త. కొత్తాయనకి పాత సవరణ సంగతి తెలియక ఒకే డబ్బు మీద రెండుసార్లు పన్ను కట్టే ప్రమాదం ఉంది.

మూడు. ఖర్చు తగ్గించి పన్ను కట్టారు, తీరా దరఖాస్తు తిరస్కరించారు. అప్పుడు తగ్గించిన ఆ ఖర్చుని, తిరస్కరణ ఖాయమైన ఏడాది రిటర్నులో మళ్ళీ ఖర్చుగా రాసుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు. వాళ్ళ డబ్బు ప్రభుత్వం దగ్గర ఊరికే ఉండిపోతోంది.

ఈ మూడిటికీ వర్తించే మాట ఒకటుంది. రిఫండ్ మీద ఐ.ఆర్.ఎస్. ఇచ్చిన వడ్డీ మాత్రం, వచ్చిన ఏడాది ఆదాయమే. దానికి 2021తో పని లేదు. చెక్కులో క్రెడిట్ ఎంత, వడ్డీ ఎంత విడదీసి రాసుకోండి.

ఇప్పుడు మా లెక్క చెబుతాను. క్రెడిట్ 84,000, వడ్డీ 10,000, మొత్తం 94,000. ప్రమోటర్ ఫీజు 84,000 మీద 20 శాతం, 16,800. దాన్ని వ్యాపార ఖర్చుగా రాసుకున్నాం. మిగిలిన పన్ను పడే మొత్తం 77,200. మాది 1120-ఎస్ వేసే కంపెనీ కాబట్టి అది కె-1 మీద మా ఇద్దరి వ్యక్తిగత రిటర్నుల్లోకి వస్తుంది. 24 శాతం మెట్టు అనుకుంటే ఫెడరల్ పన్ను 18,528. చివరికి చేతిలో మిగిలింది 58,672. రాష్ట్రం పన్ను ఇంకా తీయలేదు. రాష్ట్రాల పద్ధతులు ఒకలా లేవు, మీ రాష్ట్రం గురించి విడిగా అడగండి.

1,68,000 అని మొదలైన కల 58,000 చిల్లర దగ్గర ఆగింది. లీజు డిపాజిట్ కట్టిన రోజున బావకి ఈ చివరి అంకె ఎవరైనా చెప్పి ఉంటే ఆ సంతకం పెట్టేవారు కాదు.

డబ్బు వచ్చిన రోజున చేయాల్సినవి

మొదట, విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి చెక్కులు అందులో వేయండి. పన్ను వాటా తేలేదాకా దాన్ని ముట్టుకోకండి. హోటల్ ఖాతాలో కలిపేస్తే రెండు నెలల్లో ఆ డబ్బు ఫ్రిజ్ అయిపోతుంది, గ్రైండర్ అయిపోతుంది.

రెండు, ఏడాది మధ్యలో ఇంత ఆదాయం కలిస్తే ఏప్రిల్ దాకా ఆగకూడదు, క్వార్టర్లవారీగా అంచనా పన్ను కట్టాలి. లేకపోతే తక్కువ కట్టినందుకు పెనాల్టీ. కిందటి ఏడాది పన్నుకి సమానంగా ఈ ఏడాది కట్టేస్తే పెనాల్టీ ఉండదు. ఆదాయం 1,50,000 దాటిన వాళ్ళకి అది 110 శాతం. ఇక నాలాంటి ఉద్యోగస్తులకి ఒక సుళువు ఉంది. మీ ఆఫీసులో డబ్ల్యూ-4 మార్చి చివరి నెలల్లో ఎక్కువ పన్ను కోయించుకోండి. జీతంలోంచి కోసిన పన్నుని ఏడాది పొడుగునా సమానంగా కట్టినట్టే లెక్కిస్తారు. నేను ఆ ఏడాది అక్టోబరు నుంచి అలాగే చేశాను.

మూడు, ఆదాయం ఒక్క ఏడాది ఉబ్బితే దాని ప్రభావం పన్నుతో ఆగదు. పిల్లలు కాలేజీకి వెళ్ళే ఇళ్ళలో ఫాఫ్సా ఫారం రెండేళ్ళ కిందటి ఆదాయం చూస్తుంది. మార్కెట్‌ప్లేస్‌లో ఇన్సూరెన్సు కొనుక్కునే వాళ్ళకి సబ్సిడీ తగ్గొచ్చు. కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకి ఇది ఒక్కసారి వచ్చిన ఆదాయమని రాసి వివరణ ఇవ్వండి. వాళ్ళు వింటారు.

నాలుగు, భాగస్వాములు. మా హోటల్లో ఇబ్బంది రాలేదు గానీ, మిత్రుడొకరి కంపెనీలో వచ్చింది. 2021లో వాటా ఉన్నాయన 2022లో తప్పుకున్నాడు. డబ్బు 2025లో వచ్చింది. ఆనాడు జీతాల కోసం జేబులోంచి డబ్బు వేసింది ఆయన, ఇప్పుడు డబ్బూ పన్నూ రెండూ ఉన్నవాళ్ళకే. ఇద్దరి మధ్య మాటల్లేవు. వాటా అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, రావాల్సిన రిఫండ్ ఎవరిది, దాని మీద పన్ను ఎవరిది అని ఒక్క పేరా రాసుకుంటే స్నేహం మిగిలేది.

అయిదు, ఫైలు. క్వార్టర్లవారీ అమ్మకాలు, ఉద్యోగులవారీ జీతాలు, పి.పి.పి. అప్పు మాఫీకి చూపిన జీతాలు, ప్రభుత్వ ఉత్తర్వుల ప్రతులు, 941-ఎక్స్ ప్రతులు అన్నీ ఒక చోట పెట్టండి. పి.పి.పి. మాఫీకి చూపిన జీతాన్ని ఈ క్రెడిట్‌కి మళ్ళీ చూపకూడదు. చెక్కు వచ్చింది కదా, అయిపోయింది అనుకోవద్దు. 2025 జులై 4న సంతకమైన పెద్ద పన్ను చట్టం, 2021 మూడు, నాలుగు క్వార్టర్ల విషయంలో ఐ.ఆర్.ఎస్. తిరిగి తనిఖీ చేసే గడువుని ఆరేళ్ళు చేసింది. ఆ ఆరేళ్ళు మీరు దరఖాస్తు వేసిన తేదీ నుంచి కూడా మొదలు కావచ్చు. 2024 జనవరిలో వేసి ఉంటే 2030 జనవరి దాకా అన్నమాట.

అదే చట్టం ఇంకో పని కూడా చేసింది. ఆ రెండు క్వార్టర్లకి 2024 జనవరి 31 తర్వాత వేసిన దరఖాస్తులకు, చట్టం వచ్చేనాటికి ఇంకా చెల్లించకపోతే, ఇక డబ్బు లేదు. అప్పట్లో చట్టప్రకారం 2025 ఏప్రిల్ 15 దాకా గడువు ఉంది కదా అని, నిజంగా అర్హత ఉండి నిదానంగా వేసిన వాళ్ళు కూడా అందులో కొట్టుకుపోయారు.

ఇంకా ఎదురుచూస్తున్న వాళ్ళకి రెండు మాటలు. హోటలో ఆఫీసో మారి ఉంటే 8822-బి ఫారంతో కొత్త అడ్రసు తెలియజేయండి. చెక్కు పాత అడ్రసుకే పోతుంది. ఇక తిరస్కరణ ఉత్తరం వస్తే దాని మీది తేదీని గోడకి అంటించుకోండి. కోర్టుకి వెళ్ళాలంటే ఆ తేదీ నుంచి రెండేళ్ళే. అప్పీలు నడుస్తోంది కదా అని ఆ గడియారం ఆగదు. గడువు పొడిగించాలంటే 907 ఫారం మీద ఐ.ఆర్.ఎస్. కూడా సంతకం చేయాలి, అదీ ఆ రెండేళ్ళు దాటకముందే.

మనం వేదికగా చేయగలిగింది

ఇది రాజకీయ వేదిక. పన్నుల క్లాసు చెప్పి వెళ్ళిపోతే నా పని సగమే అయినట్టు.

నన్ను బాధపెట్టిన విషయం ఒకటుంది. మా బావ ఆ కంపెనీ మనిషిని మొదట ఎక్కడ కలిశారో తెలుసా? మనవాళ్ళ పండగ సంబరాల్లోనే. హాలు బయట స్టాల్ పెట్టాడు, సావనీర్లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చాడు, స్టేజి మీద శాలువా కప్పించుకున్నాడు. శాలువా కప్పిన చేతుల్లో నావీ ఉన్నాయి. స్పాన్సర్ దొరికాడని సంతోషపడ్డామే గానీ, ఇతను అమ్మేదేమిటని ఒక్కరం అడగలేదు. మన వాళ్ళు మన స్టేజిని నమ్మి సంతకాలు పెట్టారు. ఐ.ఆర్.ఎస్. 2023లోనే ఇలాంటి ప్రమోటర్లని తన హెచ్చరికల జాబితాలో పెట్టింది. ఇకమీదట డబ్బు వ్యవహారాలు అమ్మే స్పాన్సర్లని, తయారు చేసిన కాగితం మీద మీ సంతకం ఉంటుందా, ఫీజు వచ్చిన రిఫండ్‌లో శాతమా, పనికి ఇంతనా అని రెండు ప్రశ్నలు అడిగి గానీ స్టేజి ఎక్కించకూడదని నా ప్రతిపాదన.

రెండోది. అర్హత ఉండీ ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న వాళ్ళు మీ కాంగ్రెస్ సభ్యుడి స్థానిక ఆఫీసుకి వెళ్ళండి. "మాకు ఓటు లేదు కదా, గ్రీన్ కార్డే కదా" అని మనవాళ్ళు వెనకాడతారు. ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు, వాళ్ళ ఆఫీసు మీ తరఫున ఐ.ఆర్.ఎస్.కి రాస్తుంది. ఒక అనుమతి పత్రం మీద సంతకం అడుగుతారు, అంతే. వ్యాపారం నిలదొక్కుకోలేని పరిస్థితి ఉంటే 911 ఫారంతో టాక్స్‌పేయర్ అడ్వొకేట్‌ని కూడా అడగవచ్చు.

మూడోది. చట్టం చేసినవాళ్ళని మనం అడగాల్సిన ప్రశ్న ఉంది. రెండేళ్ళు తిరగకుండానే నాలుగు చట్టాలతో రూల్సు మార్చారు. దొంగలు దూరేంత వెడల్పుగా తలుపు తీశారు. తర్వాత అదే తలుపుని నిజాయితీపరుల వేళ్ళ మీద మూశారు. రేపు ఇంకో కష్టకాలం వస్తుంది. అప్పుడైనా చిన్న వ్యాపారికి సాయం నాలుగేళ్ళ తర్వాత కాకుండా, జీతం ఇచ్చే వారంలోనే అందేలా చూడమని అడగాలి. సాయం సకాలంలో వస్తే ప్రమోటర్‌కి పని ఉండదు.

చివరిగా మా బావ సంగతి. పన్ను వాటా పక్కన పెట్టాక మిగిలిన డబ్బుతో ఆయన చేసిన మొదటి పని, అక్క నగలు విడిపించడం. రెండోది, 2021లో సగం జీతానికి ఒప్పుకుని ఉండిపోయిన వంటమాస్టర్‌కి బోనస్ ఇవ్వడం. పేరోల్ ద్వారానే ఇచ్చారు, నేను చూశాను. "ఈ డబ్బు వాళ్ళని ఉంచుకున్నందుకే కదా వచ్చింది" అన్నారు.

రెండో హోటల్ మాట ఇంకా ఎత్తలేదు. ఎత్తితే లీజు కాగితం ముందు నాకు చూపిస్తానని మాట ఇచ్చారు.

మీ ప్రశ్నలు అడగండి, తెలిసినంత చెబుతాను.